వణికే చేతిని ఎలా చూడాలి: నా అనుభవం

చెయ్యి వణుకుతోందని వచ్చినవాళ్లను నేను ముందుగా అడిగేది ఒక్కటే: ఎప్పుడు? చెయ్యి ఒళ్లో పెట్టుకుని ఊరికే కూర్చున్నప్పుడా, గ్లాసు ఎత్తి పట్టుకున్నప్పుడా, ఆ గ్లాసు నోటికి ఇంకా జానెడు దూరం ఉందనగానా? ఈ మూడింటికీ జబ్బులు వేరు, మందులు వేరు. పార్కిన్సన్స్ మందు ఏళ్ల తరబడి మింగుతూ కూడా వణుకు తగ్గని మనిషి వస్తే, నేను మందు మోతాదు కన్నా ముందు ఆ జబ్బు పేరునే అనుమానిస్తాను.

జవాబు మాత్రం సూటిగా రాదు. "ఎప్పుడూ వణుకుతూనే ఉంటుందండీ" అంటారు. అందుకని మనిషి గదిలోకి నడిచి వచ్చేటప్పుడే చూడటం మొదలుపెడతాను. చేతులు పక్కన వేలాడేసి నడుస్తున్నప్పుడు ఒక చేతి బొటనవేలు, చూపుడువేలు మాత్ర నలుపుతున్నట్టు ఆడుతుంటే, ఆ ఒక్క దృశ్యం సగం పని తీర్చేస్తుంది. తర్వాత కూర్చోబెట్టి కబుర్లు అడుగుతూ చూసీ చూడనట్టు చేతులవైపు చూస్తాను. "చెయ్యి చూపించండి" అనగానే ఎవరైనా చెయ్యి బిగపట్టేస్తారు. బిగపట్టిన చేతిలో విశ్రాంతి వణుకు కాసేపు దాక్కుంటుంది.

విశ్రాంతి వణుకును చూడటంలో జరిగే పొరపాటు ఎప్పుడూ ఒకటే. చెయ్యి నిజంగా విశ్రాంతిలో ఉండదు. మోచెయ్యి నుంచి వేళ్లదాకా కుర్చీ చేతిమీదో దిండుమీదో పూర్తిగా ఆనాలి. మణికట్టు అంచు బయటికి వేలాడుతుంటే కండరం దాన్ని మోస్తూనే ఉంటుంది, అది విశ్రాంతి కింద లెక్కకు రాదు. చెయ్యి ఆనించాక కళ్లు మూయించి 100 నుంచి 7 చొప్పున తీసేస్తూ రమ్మంటాను. లెక్క తప్పినా ఫరవాలేదు, మనసు అటు మళ్లితే చాలు. పార్కిన్సన్స్ వణుకు అయితే సెకనుకు 4 నుంచి 6 సార్ల చొప్పున అప్పుడు బయటపడుతుంది. ఒక నిమిషం ఆగాలి. పది సెకన్లు చూసి "విశ్రాంతిలో వణుకు లేదు" అని రాసేస్తే చాలామందిలో తప్పిపోతుంది.

ఆ తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతులు కిందికి, వేళ్లు విడదీసి పట్టుకోమంటాను. ఇక్కడా తొందర పనికిరాదు. ఎసెన్షియల్ ట్రెమర్‌లో, అంటే పని చేస్తున్నప్పుడు రెండు చేతులూ వణికే జబ్బులో, చెయ్యి చాపిన వెంటనే వణుకు మొదలవుతుంది. పార్కిన్సన్స్‌లో చాపిన చెయ్యి ముందు నిలకడగా ఉండి, కొన్ని సెకన్లు గడిచాక అదే పాత విశ్రాంతి వణుకు మళ్లీ లేస్తుంది. ఈ వ్యవధి తెలియనివాళ్లు "చెయ్యి చాపినా వణుకుతోంది కాబట్టి పార్కిన్సన్స్ కాదు" అని తేల్చేస్తారు. నేను కనీసం 20 సెకన్లు మనసులో లెక్కపెట్టుకుంటాను. చాపిన చేతుల్లో ఏమీ కనబడకపోతే మోచేతులు మడిచి, రెండు చేతుల వేళ్లూ ముక్కు ముందు ఎదురెదురుగా, ఒకదానికొకటి తగలకుండా పెట్టిస్తాను. భుజం దగ్గరి వణుకు ఈ భంగిమలోనే దొరుకుతుంది. కంటికి ఆననంత సన్నగా ఉంటే చాపిన వేళ్లమీద పల్చటి కాగితం పరిస్తే అంచు గజగజలాడుతుంది. ఆందోళన, నిద్రలేమి, థైరాయిడ్ ఎక్కువ కావడం, కాఫీ, ఆయాసం మందులు తెచ్చే సెకనుకు 8 నుంచి 12 సార్ల సన్న వణుకు ఇలాగే కనబడుతుంది.

వేలితో తన ముక్కును, నా వేలిని మార్చి మార్చి ముట్టుకోమనే పరీక్ష అందరికీ తెలిసిందే. నా వేలు మాత్రం అవతలి మనిషి చెయ్యి పూర్తిగా చాపితేనే అందేంత దూరంలో ఉండాలి. దగ్గర పెడితే గురి దగ్గరపడేకొద్దీ పెరిగే చిన్నమెదడు వణుకు బయటపడదు. ఎసెన్షియల్ ట్రెమర్ ముదిరినవాళ్లలోనూ గురి దగ్గర వణుకు కాస్త పెరుగుతుంది. కాబట్టి అది కనబడగానే చిన్నమెదడు జబ్బు అనను. కళ్లు పక్కకు తిప్పినప్పుడు అదురుతున్నాయా, మాట ముక్కలు ముక్కలుగా వస్తోందా, ఒక కాలి వేళ్లకు రెండో కాలి మడమ ఆనిస్తూ నడవగలరా అని చూశాకే అంటాను.

అన్నిటికన్నా నాకు ఎక్కువ ఉపయోగపడేది తెల్లకాగితం, పెన్ను. లోపలి నుంచి బయటికి తిరిగే చుట్ట గీయమంటాను, కుడిచేత్తో ఒకటి, ఎడమచేత్తో ఒకటి. మణికట్టు, మోచెయ్యి బల్లకు ఆనకూడదు. ఆనిస్తే వణుకు సగం కాగితం మీదికి రాకుండా పోతుంది. ఎసెన్షియల్ ట్రెమర్ చుట్టలో అలలు ఒకే ఇరుసు మీద వరసగా పడతాయి, అంటే చుట్టకు రెండు ఎదురెదురు వైపులా అలలు ఎక్కువగా, మధ్య భాగాల్లో తక్కువగా ఉంటాయి. పార్కిన్సన్స్ చుట్ట చిన్నదిగా, వలయాలు ఒకదానికొకటి నొక్కుకుపోయి ఉంటుంది. చుట్ట కింద ఒక వాక్యం కూడా రాయిస్తాను. పార్కిన్సన్స్‌లో అక్షరాలు వాక్యం చివరికి వచ్చేసరికి చీమల్లా చిన్నవైపోతాయి. ఎసెన్షియల్ ట్రెమర్‌లో పెద్దగానే ఉండి వంకరలు పోతాయి. కాగితం మీద తేదీ, సమయం, చివరి మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో రాసి దాచాలి. ఆ చిన్న రాత లేకపోతే తర్వాత వచ్చినప్పుడు పోల్చడానికి ఏమీ మిగలదు. చివరికి ఒక గ్లాసులో నీళ్లు ఇంకో గ్లాసులోకి పోయిస్తాను. చాపిన చేతిలో చిన్నగా ఉన్న వణుకు ఇక్కడ నీళ్లు ఒలికించేంత పెద్దదవుతుంది.

తల, గొంతు, గడ్డం చూడటానికి రెండు నిమిషాలు చాలు. తల "వద్దు" అన్నట్టో "సరే" అన్నట్టో ఊగుతుంటే పార్కిన్సన్స్ వైపు మొగ్గను. ఆ జబ్బులో వణికేవి పెదవులు, గడ్డం, నాలుక, కాళ్లు. ఊగే తల పడుకోబెట్టి దిండుకు ఆనించాక ఆగిపోతే ఎసెన్షియల్ ట్రెమర్ అనుకుంటాను. పడుకున్నా ఊగుతుంటే, ఒకవైపు తిప్పితే తగ్గి మరోవైపు తిప్పితే పెరుగుతుంటే, చుబుకం మీద వేలు ఆనించగానే ఆగుతుంటే అది డిస్టోనియా, అంటే కండరాలు వాటంతటవే మెలితిరిగే జబ్బు. "ఆ..." అని ఊపిరి ఉన్నంతసేపు ఒకే స్వరంలో అనిపిస్తే గొంతు వణుకు తెలిసిపోతుంది.

చేతుల్లో ఏమీ లేదు గానీ నిలబడితే కాళ్లలో ఏదో తెలియని భయం, నడిస్తే హాయి, కూర్చుంటే హాయి అనేవాళ్లు కొందరుంటారు. వరసలో నిలబడలేరు, గోడ వెతుక్కుంటారు. వీళ్లను భయం జబ్బు కింద తోసెయ్యకముందు నిలబెట్టి తొడమీద స్టెతస్కోపు పెట్టి వినాలి. దూరంగా హెలికాప్టరు తిరుగుతున్నట్టు వినిపిస్తే అది నిలబడితే వచ్చే వణుకు, సెకనుకు 13 నుంచి 18 సార్లు. కంటికి కనబడదు, చేతికి సన్నగా తగులుతుంది.

వణుకులాగే కనబడి వణుకు కానివి కూడా ఉన్నాయి. చేతులు చాపి మణికట్లు పైకి ఎత్తి ఉంచితే క్షణక్షణం పట్టు జారి కిందికి పడి లేస్తుంటే, అది లయ లేని జారుడు. కాలేయం చెడినవాళ్లలో, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకున్నవాళ్లలో, మూత్రపిండాలు పనిచెయ్యనివాళ్లలో వస్తుంది. దానికి వణుకు మాత్ర ఇచ్చి పంపేస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఇప్పుడు పేరు పెట్టే పని. పార్కిన్సన్స్ అనడానికి వణుకు ఒక్కటే చాలదు. కదలికలో మందకొడితనం తప్పనిసరి. దానికి విశ్రాంతి వణుకో బిగుతో తోడవ్వాలి. బొటనవేలికి చూపుడువేలు పెద్దగా, వేగంగా 10 నుంచి 15 సార్లు కొట్టిస్తే, కొట్టేకొద్దీ ఎత్తు తగ్గిపోతూ మధ్యలో ఆగుతుంటే అది మందకొడితనం. నెమ్మదిగా కొట్టినా ఎత్తు తగ్గకపోతే వయసో కీళ్లనొప్పో అయి ఉండొచ్చు. మణికట్టు తిప్పుతుంటే పళ్లచక్రంలా టకటకమనడం ఎసెన్షియల్ ట్రెమర్‌లోనూ ఉంటుంది. కింద బిగుతు లేకుండా టకటక మాత్రమే ఉంటే దానికి విలువ ఇవ్వను. ఇంకో సంగతి, పార్కిన్సన్స్ వచ్చినవాళ్లలో దాదాపు నాలుగోవంతు మందికి వణుకే ఉండదు. జేమ్స్ పార్కిన్సన్ 1817లో దానికి వణుకు పేరే పెట్టాడు గానీ, వణుకు లేనంత మాత్రాన జబ్బు లేదనుకోవడానికి లేదు.

ఎసెన్షియల్ ట్రెమర్ పేరుకు అంతర్జాతీయ నిపుణులు 2018లో గిరి గీశారు: పని చేస్తున్నప్పుడు రెండు చేతుల్లోనూ వణుకు, కనీసం 3 ఏళ్లుగా ఉండటం, డిస్టోనియా, తూలుడు, పార్కిన్సన్స్ లక్షణాలు లేకపోవడం. ఆ 3 ఏళ్ల నియమం నాకు బాగా నచ్చిన భాగం. ఏడాదిన్నర వణుకుకు పేరు పెట్టకుండా "ఇంకా తేలలేదు, మళ్లీ చూద్దాం" అనే హక్కు దానివల్ల వచ్చింది. తల్లికో తండ్రికో, అన్నదమ్ములకో ఉందా అని అడుగుతాను. మద్యం కాస్త తీసుకుంటే తగ్గుతుందా అని కూడా అడుగుతాను. ఎసెన్షియల్ ట్రెమర్ ఉన్నవాళ్లలో సగానికి పైగా తగ్గుతుందంటారు. అడగడం గుర్తు పట్టడానికే. మర్నాడు పొద్దున వణుకు ఇంకా ఎక్కువై తిరిగిరావచ్చు కాబట్టి అది వైద్యం కాదు.

లయ మారుతూ, మనిషి ధ్యాస మళ్లగానే ఆగిపోయే వణుకు ఉంటుంది. రెండో చేత్తో నేను చెప్పిన తాళానికి కొట్టమంటే వణికే చెయ్యి కూడా అదే తాళంలోకి వచ్చేస్తుంది, లేదా ఆగిపోతుంది. ఇది ఫంక్షనల్ ట్రెమర్. నటన అనుకోవడం అన్యాయం; వాళ్ల అదుపులో లేనిదే అది. ఈ తాళం పరీక్షను వాళ్లకే చూపించి, "చూశారా, నరాల దారి బాగానే ఉంది, నడిపే పద్ధతి తప్పింది" అని చెబితే ఫిజియోథెరపీకి ఒప్పుకుంటారు. మాత్రలు ఇక్కడ పెద్దగా పనికిరావు.

పరీక్షలు రాసేముందు మందుల సంచి తెప్పించుకోవాలి, అన్ని స్ట్రిప్పులతో, సీసాలతో సహా. "ఏమీ వాడటం లేదండీ" అన్నవాళ్ల సంచిలోనే అసలు కారణం ఉంటుంది, ఎందుకంటే గ్యాసు మాత్రను, ఆయాసం పంపును ఎవరూ మందుగా లెక్కపెట్టరు. సాల్బుటమాల్, థియోఫిలిన్, వాల్‌ప్రోయేట్, లిథియం, అమియోడరోన్, టాక్రోలిమస్, ఎక్కువైన థైరాక్సిన్, కొన్ని డిప్రెషన్ మాత్రలు చేతిని పనిలో వణికిస్తాయి. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, లెవోసల్పిరైడ్, కళ్లుతిరుగుడుకు వాడే సినారిజిన్, ఫ్లునారిజిన్, మానసిక రోగాలకు వాడే హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ ఏకంగా పార్కిన్సన్స్ రూపమే తెస్తాయి. ఆపాక వారంలో తగ్గుతుందని ఆశపడకూడదు, నెలలు పడుతుంది. మానసిక రోగాల మందులు, మూర్ఛ మందులు మాత్రం రాసిన డాక్టరును అడగకుండా ఆపకూడదు. లిథియం వాడే మనిషిలో సన్న వణుకు ముతకగా మారి, తూలుడు, వాంతులు తోడైతే ఆ రోజే రక్తంలో లిథియం చూడాలి. ఒంట్లో నీరు తగ్గడం, నొప్పి మాత్రలు, థయజైడ్ రకం బీపీ మాత్రలు దాన్ని పెంచేస్తాయి.

రక్తపరీక్షలు కొన్నే: థైరాయిడ్ కోసం టి.ఎస్.హెచ్., చక్కెర, మూత్రపిండాలు, కాలేయం, కాల్షియం. 40 లోపు వయసులో ఏ రకం వణుకైనా విల్సన్ జబ్బు, అంటే ఒంట్లో రాగి పేరుకునే జబ్బు, కాదని తేలేదాకా వదలను. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ డెసిలీటరుకు 20 మి.గ్రా. కన్నా తక్కువగా ఉందా, 24 గంటల మూత్రంలో రాగి 100 మైక్రోగ్రాములు దాటిందా, కంటి నల్లగుడ్డు చుట్టూ రాగి వలయం ఉందా చూడాలి. మందు ఉండి, ఆలస్యమైతే దెబ్బతినే జబ్బు అది. 50 దాటిన మగవాళ్లలో వణుకుతో పాటు తూలుడు ఉంటే మనవల్లో బుద్ధిమాంద్యం ఉందా అని అడుగుతాను, తాతలో వణుకునూ మనవల్లో బుద్ధిమాంద్యాన్నీ తెచ్చే ఫ్రజైల్ ఎక్స్ జన్యువు కోసం. ఎం.ఆర్.ఐ. అందరికీ అక్కర్లేదు: హఠాత్తుగా వచ్చినా, ఒకవైపే ఉండి పార్కిన్సన్స్‌లా లేకపోయినా, వేరే నరాల లక్షణాలున్నా తీయిస్తాను. మెదడులో డోపమైన్ అనే రసాయనం పనిచేసే చోటును చూపించే డాట్ స్కాన్ ఎసెన్షియల్ ట్రెమర్‌ను పార్కిన్సన్స్ నుంచి విడదీస్తుంది. మొదటిదానిలో కామా ఆకారం, రెండోదానిలో తరిగిపోయిన చుక్క. పార్కిన్సన్స్‌కు, దాన్ని పోలిన మిగతా క్షీణత జబ్బులకు మధ్య తేడా మాత్రం చెప్పలేదు. చేత్తో చూసి తేలిపోయినవాళ్లకు దాన్ని రాయడం నాకిష్టం ఉండదు.

మందు మొదలెట్టే ముందు ఇంకో ప్రశ్న: ఏ పని ఆగిపోయింది? ఏదీ ఆగకపోతే మందు అక్కర్లేదు. సంతకం ఒక్కటే ఇబ్బంది అయితే లావు పెన్ను, గ్లాసు ఇబ్బంది అయితే సగం నింపిన బరువైన కప్పు, మూత, స్ట్రా. మోచెయ్యి డొక్కకు ఆనించి తాగితే వణుకు ఎంత తగ్గుతుందో అక్కడికక్కడే చేసి చూపిస్తాను. ఎప్పుడో ఒకసారి నలుగురి ముందు మాట్లాడాల్సి వచ్చినప్పుడే బాధ అయితే గంట ముందు 20 నుంచి 40 మి.గ్రా. ప్రొప్రనలాల్ (గుండెదడను తగ్గించే మాత్ర) సరిపోతుంది, ముందుగా ఒక సెలవురోజున వేసుకుని చూడాలి.

ఎసెన్షియల్ ట్రెమర్‌కు రోజువారీ ప్రొప్రనలాల్ ఇచ్చే ముందు ఆస్తమా ఉందా అని అడగాలి, నాడి, బీపీ చూడాలి, పెద్దవాళ్లకు ఈసీజీ తీయాలి. ఆస్తమా, గుండె విద్యుత్ దారిలో బ్లాక్, నాడి మరీ తక్కువ ఉంటే ఈ మందు లేదు. చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వాడేవాళ్లలో చక్కెర పడిపోయే ముందు వచ్చే గుండెదడను ఇది కప్పేస్తుంది. 20 మి.గ్రా.తో మొదలుపెట్టి వారం వారం పెంచుతూ పోతాను. పనిచేసే మోతాదు తరచుగా రోజుకు 120 నుంచి 240 మి.గ్రా. మధ్య ఉంటుంది. "ప్రొప్రనలాల్ పనిచెయ్యలేదు" అని వచ్చినవాళ్ల చీటీలో ఎక్కువసార్లు కనబడేది 20 మి.గ్రా., రోజుకు రెండుసార్లు. అది పనిచెయ్యకపోవడం కాదు, ఇవ్వకపోవడం. ఆపాల్సివస్తే ఒకటి రెండు వారాల్లో తగ్గించుకుంటూ ఆపాలి. ఒక్కసారిగా ఆపితే గుండెకు ప్రమాదం.

ఎసెన్షియల్ ట్రెమర్‌కు వాడే రెండో మందు, మూర్ఛ మాత్ర ప్రిమిడోన్, మొదటి రాత్రే చెడ్డపేరు తెచ్చుకుంటుంది. తలతిరుగుడు, వాంతి, తాగినట్టు తూలుడు. ఇది అలర్జీ కాదు, చాలామందిలో కొద్దిరోజుల్లో పోతుంది. కానీ ముందే చెప్పకపోతే రెండో మాత్ర వేసుకోరు. 25 మి.గ్రా. పడుకునేముందు, ఆ రాత్రి లేచి ఒంటరిగా నడవొద్దు అని చెబుతాను. దొరికేది 250 మి.గ్రా. మాత్ర ఒక్కటే అయితే పావు ముక్క కూడా 62.5 మి.గ్రా. అవుతుంది, మొదటి రాత్రికి అది ఎక్కువే. తర్వాత వారానికో మెట్టు చొప్పున 250 దాకా, అవసరమైతే ఇంకా పైకి. గర్భనిరోధక మాత్రల, రక్తం పలచబరిచే మందుల బలాన్ని ఇది తగ్గిస్తుంది. వాటి సంగతి అడగకుండా రాయకూడదు. ఈ రెండు మందుల్లో ఏది పనిచేసినా వణుకు ఎత్తు సుమారు సగానికి తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఈ మాట మొదటిరోజే చెప్పి, పాత చుట్ట పక్కన కొత్త చుట్ట పెట్టి చూపిస్తే మనిషి నిరాశపడడు. రెండూ కలిపినా చాలకపోతే ఇంకో మూర్ఛ మందు, టొపిరమేట్. మాట వెతుక్కోవడం, తిమ్మిర్లు, బరువు తగ్గడం, మూత్రపిండాల్లో రాళ్లు దాని చిక్కులు. తల వణుకుకు, గొంతు వణుకుకు మాత్రలకన్నా కండరాన్ని సడలించే బొటులినమ్ ఇంజెక్షన్ మెరుగు, మూడు నెలలకోసారి. చేతికి వేస్తే వేళ్ల పట్టు సడలవచ్చు.

పార్కిన్సన్స్ వణుకుకు లెవోడోపా, కార్బిడోపాతో కలిపి. అర మాత్రతో మొదలుపెట్టి, తిండికి అరగంట ముందు, రోజుకు మూడుసార్లు. వికారం వస్తుందని మెటోక్లోప్రమైడ్ రాయడం నిప్పుకు నెయ్యి పోసినట్టే. బిగుతు, మందకొడితనం తగ్గినంతగా వణుకు తగ్గకపోవచ్చు. చాలినంత మోతాదు, చాలినంత కాలం ఇచ్చి చూడకుండా "లొంగలేదు" అనకూడదు. ట్రైహెక్సిఫెనిడిల్ వణుకును తగ్గిస్తుంది గానీ పెద్దవయసువాళ్లలో మతిమరుపు, గందరగోళం, మూత్రం ఆగిపోవడం తెస్తుంది, వాళ్లకు నేను ముట్టుకోను.

మందులతో స్పూను నోటికి చేరనివాళ్లకు శస్త్రచికిత్స. మెదడు లోతుల్లోని థాలమస్‌లో విమ్ అనే చోట ఎలక్ట్రోడు పెట్టి సుమారు 130 హెర్ట్జ్ దగ్గర కరెంటు ఇచ్చే పద్ధతిని 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబిడ్ అనే సర్జన్ బృందం మొదలుపెట్టింది. అదే చోటును పుర్రె తెరవకుండా అల్ట్రాసౌండ్ తరంగాలతో కాల్చే పద్ధతికి అమెరికాలో 2016లో అనుమతి వచ్చింది. గుండు గీసి, తలకు చట్రం బిగించి, ఎం.ఆర్.ఐ. లోపల మెలకువగానే ఉంచుతారు. ప్రతి కాల్పు తర్వాత చుట్ట గీయిస్తారు. పుర్రె ఎముక నిర్మాణం తరంగాలను లోపలికి పోనివ్వకపోతే ఈ పద్ధతి కుదరదు, అది సీటీ స్కాన్‌లో ముందే తెలుస్తుంది. కాల్చింది తిరిగి రాదు, తిమ్మిరి, తూలుడు కొందరిలో మిగిలిపోతాయి. ఎలక్ట్రోడునైతే తగ్గించవచ్చు, ఆపవచ్చు. కానీ రెండువైపులా పెట్టినప్పుడు మాట ముద్దగా అవ్వొచ్చు, అప్పుడు కరెంటు తగ్గించి వణుక్కీ మాటకీ మధ్య రాజీ కుదర్చాలి.

ఎలక్ట్రోడు ఉన్న మనిషికి వణుకు రాత్రికి రాత్రే తిరిగొచ్చిందంటే మందు మార్చకముందు పరికరం ఆన్‌లో ఉందా, బ్యాటరీ అయిపోయిందా, తీగ తెగిందా చూడాలి. ఏళ్లమీద మెల్లగా తిరిగొస్తుంటే మాత్రం సంగతి వేరు. మెదడు ఆ కరెంటుకు అలవాటు పడి ఉండవచ్చు, జబ్బే ముదిరి ఉండవచ్చు. ఎసెన్షియల్ ట్రెమర్ అయితే నిద్రలో వణుకు ఎలాగూ ఉండదు కాబట్టి, పడుకునేముందు పరికరం ఆపేసి పొద్దున లేవగానే వేసుకోమంటాను.